మూడో ఫైలు

కంపెనీవాళ్ళు పంపిన మూడు ఫైళ్ళలో రెండింటిని ఎలీషబా పొద్దున పది గంటలకే ముగించేసింది. ఒకదాంట్లో మాటల మీద ఫ్యాను గాలి, ఇంకోదాంట్లో వీధిలో పోతున్న ట్రాక్టరు. గొంతుకు దెబ్బ తగలకుండా మిగతా చప్పుడంతా తీసేయాలి. ఆమెకది బియ్యంలో రాళ్ళేరినంత తేలిక. మార్కాపురంలో ఇంజనీరింగ్ చదివిన రోజుల్లో సెలవు దొరికితే చాలు, అన్న ఆనంద్ బాబు వెంట మైకుసెట్టు మోసుకుంటూ చర్చిలకీ పెళ్ళిళ్ళకీ తిరిగిన పిల్ల.

చదువైపోయి పది నెలలైంది. తోటివాళ్ళంతా అమీర్‌పేటలో ఏదో ఒక కోచింగులో చేరిపోయారు. "నీకు సౌండు తప్ప ఇంకేం పనికిరాదా?" అని స్నేహితురాలు సుప్రియ ఫోన్లో తిట్టేది. ఎలీషబా మాత్రం స్పీకర్లూ ఆంప్లిఫయర్లూ చేసే కంపెనీలు ఎక్కడున్నాయో వెతికి వెతికి రాసేది. చాలామంది జవాబే ఇవ్వలేదు. చివరికి హైదరాబాదులో బాలానగర్ దగ్గరున్న ఒక కంపెనీ పలికింది. రికార్డింగులను శుభ్రం చేసే విభాగంలో ఒక ఖాళీ ఉందనీ, మూడు ఫైళ్ళు రెండు రోజుల్లో బాగుచేసి పంపితే ఇంటర్వ్యూకి పిలుస్తామనీ మెయిలు పెట్టింది.

మూడో ఫైలు తెరిచి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

ఏదో హాలు. పెద్దవయసు మగమనిషి గొంతు. "హలో... హలో... వినపడతాందా?" ఆ గొంతు కింద, నేలలోంచి వస్తున్నట్టు, గుమ్మని ఒక సన్నని మోత.

ఎలీషబా హెడ్‌ఫోన్లు లాగేసింది. కరెంటు పొద్దుననే పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. ఇంట్లో ఫ్యాను లేదు, ఫ్రిజ్ లేదు. బయట ఎండ మండిపోతోంది. అయినా ఆ గుమ్మనే మోత చెవుల్లోంచి పోలేదు. రెండేళ్ళుగా అంతే. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా, చర్చిలో కళ్ళు మూసుకున్నా, ఉన్నట్టుండి వచ్చేది. ఎవరో వెనక నిలబడి నోరు తెరవకుండా పిలుస్తున్నట్టుండేది.

రెండేళ్ళ కిందట నవంబరులో కొమరోలు అవతల ఒక పల్లెలో సువార్త సభలు పెట్టారు. మధ్యాహ్నం వాన పడి వెలిసింది. షామియానా కింద నేలంతా తడి. ఆనంద్ బాబు హారన్లు కట్టి వైర్లు లాగుతుంటే, ఎలీషబా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పాటల్ని ల్యాప్‌టాప్‌లో రికార్డు చేయడానికి సిద్ధమైంది. హెడ్‌ఫోన్లలో గుమ్మని మోత వినిపించింది. హారన్ స్పీకర్లు అంత కింది స్వరాన్ని పలకలేవు. కాబట్టి అక్కడున్న అంతమందిలో అది వినిపించింది ఆమె ఒక్కదానికే. రికార్డింగు పాడవుతుందే అనుకుని ఆమె ఒక ఫిల్టరు వేసింది. మోత పోయింది.

"ఎట్లుంది పాపా లైను?" అని అడిగాడు అన్న.

"క్లీన్‌గా ఉందన్నా."

ఆ తర్వాత అతను ఇనప స్టాండును ఒక చేత్తో, మైకును ఇంకో చేత్తో పట్టుకున్నాడు. అంతే. జనం పరిగెత్తి స్విచ్చి తీసేసరికి అయిపోయింది. పాత ఆంప్లిఫయర్ లోపల వైరు కాలి పైపెట్టెకు కరెంటు పారిందనీ, ప్లగ్గులో ఎర్త్ పిన్ను ఎప్పుడో కత్తిరించేశారనీ లైన్‌మన్ చెప్పాడు. ఇరవై ఆరేళ్ళ మనిషి. దేవుని చిత్తం అన్నారు అందరూ. ఆ మోత సంగతి మాత్రం ఎలీషబా ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు మూడో ఫైలు ముందు కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకోకుండా, మోత గీతను తెర మీద పెద్దది చేసి చూసింది. గీత ఒకేలా లేదు. అక్కడక్కడ సన్నబడుతోంది. సన్నబడిన ప్రతిచోటా మైకును చేతిలోకి తీసుకున్న టక్‌మనే చప్పుడు ముల్లులా నిలబడి కనిపిస్తోంది. చేయి వదలగానే మోత మళ్ళీ లావవుతోంది.

ఆ సెట్టుకు ఎర్త్ లేదు. మనిషి ముట్టుకున్నప్పుడల్లా కరెంటు ఆ మనిషిలోంచి నేలకు దారి చూసుకుంటోంది. ఇన్నాళ్ళూ ఈ సంగతి తనకు తట్టలేదు. తట్టి ఉంటే ఆ రోజు... ఆ రోజుది కూడా ఇట్లాగే ఉందా?

రెండేళ్ళుగా ముట్టుకోని ఫైలును ఆమె తెరిచింది. ఫిల్టరు తగలకుండా ల్యాప్‌టాప్ విడిగా దాచిన అసలు రికార్డింగు. హెడ్‌ఫోన్ల జోలికి పోకుండా స్పీకర్లోనే పెట్టేసింది. అన్న గొంతు గదంతా నిండింది. "హల్లెలూయ... హలో... వన్, టూ..." అతని చేయి మైకుకు తగిలినప్పుడల్లా గీత సన్నబడింది. నాలుగుసార్లు. నాలుగుసార్లు ఆ సెట్టు హెచ్చరించింది. ఆ తర్వాత దూరంగా తన గొంతే, చిన్నగా, ఏ దిగులూ లేకుండా: "క్లీన్‌గా ఉందన్నా."

"ఎవుర్రా అది?"

గుమ్మంలో తండ్రి ప్రభుదాస్ నిలబడి ఉన్నాడు. కందికోత నుంచి అన్నానికి వచ్చినట్టున్నాడు, తలకు తువ్వాలు అట్లే ఉంది. కళ్ళు మాత్రం ఇల్లంతా వెతుకుతున్నాయి, కొడుకు ఏ మూలో కూర్చున్నట్టు.

"నాయనా, రికార్డింగు..."

"ఇంగోసారి పెట్టు."

పెట్టింది. ఆయన గుమ్మం పక్కన నేల మీద కూలబడి విన్నాడు. అయిపోయాక ఎలీషబా ఇక ఆపుకోలేకపోయింది. అంతా చెప్పింది. మోత తనకు వినిపించిందనీ, తనే తుడిచేసిందనీ, అన్న అడిగితే బాగుందని చెప్పిందనీ. "నేనే నాయనా," అంది. "నేనొక్క మాట చెప్పుంటే స్విచ్చి తీసేసేటోడు."

ప్రభుదాస్ తువ్వాలు తీసి మోకాళ్ళ మీద పరుచుకుని, మళ్ళీ మడిచాడు.

"ఆ పొద్దున నాకు చెప్పినాడు వాడు," అన్నాడు చివరికి. "సెట్టు ముట్టుకుంటే జివ్వుమంటాంది నాయనా అని. నేనేం చెప్పినా? చెప్పులేసుకోరా, ఏం గాదు అన్నా. దేవుని సభలో చెప్పులెట్లేసుకుంటా నాయనా అని నవ్వి పోయినాడు. సెట్టు తీసకపోవాకురా అని అనుంటే ఉండిపోయేటోడే. వాడు నా మాట ఎప్పుడు దాటినాడు?"

తల్లి పోయినప్పటి నుంచీ ముగ్గురే ఉన్న ఇల్లది. రెండేళ్ళుగా ఇద్దరూ ఒకే చూరు కింద, ఒకే కుండలో అన్నం తింటూ, ఒకరికి తెలియకుండా ఒకరు దాన్ని మోశారు. ఆ మధ్యాహ్నం ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు. ఆయన రెండు ముద్దలు తిని మళ్ళీ చేనికి పోయాడు. వీధి దాటేముందు వెనక్కి తిరిగి, "దాన్ని తుడిచేయొద్దు పాపా. అట్లే ఉండనీ," అన్నాడు.

సాయంత్రానికి ఆమె శుభ్రం చేసిన రెండు ఫైళ్ళూ పంపింది. మూడోదాన్ని ఎట్లా వచ్చిందో అట్లే తిప్పి పంపుతూ కింద నాలుగు వాక్యాలు రాసింది: ఈ మోతను నేను తీయలేను. ఈ సెట్టుకు ఎర్త్ లేదు. దయచేసి దీన్ని వాడవద్దని చెప్పండి. మాట్లాడుతున్న మనిషి ఎవరు, క్షేమంగా ఉన్నారా?

అయినా ఇంటర్వ్యూకు పిలిచారు. తెల్లవారుజాము బస్సు పట్టుకుని, దోర్నాల దాటి నల్లమల అడవిలోంచి హైదరాబాదు చేరింది. కంపెనీ గదిలో ఇద్దరు కూర్చున్నారు. శుభ్రం చేసే విభాగానికి పెద్ద మురళీకృష్ణ. పక్కన, ఆంప్లిఫయర్లను పరీక్షించే ల్యాబు చూసుకునే వాణి. యాభై దగ్గర పడ్డ మనిషి, తల సగం నెరిసింది.

"మొదటి రెండు ఫైళ్ళూ మాకొచ్చిన వాటన్నిటిలోకీ బాగున్నాయి," అన్నాడు మురళీకృష్ణ. "మూడోది అన్నిటికంటే తేలిక కదమ్మా. ఒక్క ఫిల్టరు. ఎందుకు వదిలేశావు?"

"వదిలేయలేదు సార్. ఏముందో రాసినాను."

"మేం అడిగింది శుభ్రం చేయమని. జబ్బు చెప్పమని కాదు."

వాణి అప్పటిదాకా మాట్లాడలేదు. "చేయి తగిలినప్పుడు మోత తగ్గుతోందని ఎట్లా పట్టుకున్నారు?" అని అడిగింది.

ఎలీషబా గీత చూపించి చెప్పింది. తర్వాత అన్న గొంతున్న ఆ పాత రికార్డింగు సంగతి కూడా చెప్పింది. ఏడవకూడదని బస్సులో వచ్చేటప్పుడు ఎన్నోసార్లు అనుకుంది. ఏడవలేదు. మురళీకృష్ణ నీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు. మంచివాడే. మరునాడు అతని దగ్గర్నుంచే మెయిలు వచ్చింది, ఈ ఉద్యోగానికి మిమ్మల్ని ఎంపిక చేయలేకపోతున్నామని.

ఎలీషబా ఊరికి తిరిగొచ్చి తండ్రి వెంట కందికోతకు పోసాగింది. పన్నెండు రోజుల తర్వాత చేనిగట్టు మీద ఉండగా ఫోను మోగింది.

"నేను వాణిని. ఆ ఫైలు మా దగ్గర మూడేళ్ళుగా ఉంది ఎలీషబా. మోత వస్తోందని ఒక కస్టమరు డీలరుకు పంపిన రికార్డింగు అది. పరీక్షకు బాగుంటుందని ఎవరో ఫోల్డర్లో పడేశారు. ఎంతమంది దాన్ని శుభ్రం చేసి పంపారో లెక్కలేదు. ఆయన ఎవరని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆయన్ని వెతికించాను. మాల్యాద్రి అని, పామూరు. ఇంట్లోనే భజనలు పెడతారట. బతికే ఉన్నారు. సెట్టు వాడొద్దని చెప్పించినా ఇంకా వాడుతూనే ఉన్నారు."

ఎలీషబా చేతిలోని కొడవలి గట్టు మీద పెట్టింది.

"నా ల్యాబులో ట్రైనీ ఇంజనీరుగా తీసుకుంటాను. మురళీకృష్ణ విభాగంలో వచ్చేంత జీతం రాదు. మీ మొదటి పని పామూరులో. పోగలరా?"

"రేపే పోతాను మేడం."

ఆమె వెళ్ళేసరికి మాల్యాద్రి వసారాలో కూర్చుని భజన తాళాలు తుడుచుకుంటున్నాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. కంపెనీ నుంచి ఇంజనీరు వచ్చిందంటే నమ్మకుండా కోడలు సుధారాణిని కేకేసి, "ఈ పాపనంట పంపిచ్చినారు, చూడు!" అన్నాడు. సెట్టు లోపలి గదిలో పూలదండ వేసి ఉంది. ఎలీషబా రబ్బరు చెప్పులు విడవకుండా, ఏమీ అనుకోవద్దని చెప్పి, మీటరు పెట్టి చూసింది. పెట్టెకూ నేలకూ మధ్య నూట పది వోల్టులు. ప్లగ్గు లాగి చూస్తే మూడో పిన్ను లేదు.

"గోడలో రెండు బెజ్జాలే ఉండె. పట్టలేదని కోసేసినా," అన్నాడు మాల్యాద్రి.

"ముట్టుకుంటే మీకేమీ తెలీలేదా తాతా?"

"తెలీకేమి! జివ్వుమంటాది. పాట మంచి ఊపులో ఉన్నప్పుడు స్వామి ఒంటి మీదికి వస్తాండాడనుకుంటి." ఆయన నవ్వాడు. ఎలీషబా నవ్వకపోయేసరికి నవ్వు ఆపేశాడు. "ఏందమ్మా, అంత పెద్ద సంగతా?"

"పెద్ద సంగతే తాతా. ఒక్క వాన పడితే చాలు."

ముందు ఆంప్లిఫయర్ విప్పి చూస్తే ఇక్కడా లోపల వైరు కాలి ఉంది, దాన్ని మార్చింది. తర్వాత గోడవారగా ఎర్త్ గుంత తవ్వడం మొదలుపెట్టింది. రెండు అడుగులు దిగేసరికి పలకరాయి తగిలింది. గడ్డపార ఎగిరి పడింది. ఆ చోటు వదిలేసి, స్నానాల నీళ్ళు పారే వైపు మళ్ళీ తవ్వింది. ఎండిన నేల కరెంటును తీసుకోదు, తడి ఉండాలి అని చెబితే సుధారాణి అడక్కుండానే బిందెలు మోసింది. బజారు నుంచి తెచ్చిన ఉప్పూ బొగ్గూ పోసి, పైపు నిలబెట్టి, గోడకు మూడు బెజ్జాల సాకెట్టు బిగించేసరికి సాయంత్రం నాలుగైంది. మీటరు మళ్ళీ పెట్టింది. దాదాపు సున్నా. నమ్మలేక మూడుసార్లు చూసింది.

మాల్యాద్రి మైకు అందుకున్నాడు. ఆయన వేళ్ళు దానికి తగిలేటప్పుడు ఎలీషబా చేయి స్విచ్చి మీదే ఉంచింది. ఆయన "హలో" అన్నాడు, చేయి మార్చి మళ్ళీ అన్నాడు. మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"మైకులో జీవం లేనట్టుందే అమ్మా. చేతికేమీ తెలీట్లే."

"తెలీకూడదు తాతా."

"అట్లనా," అంటూ ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, ఎవరో పోయిన మనిషి వస్తువును చూసుకున్నట్టు.

ఆమె బయటికొచ్చి వాణికి ఫోను చేసి మీటరు లెక్కలు చెప్పింది. వాణి అన్నీ రాసుకుంది. ఎప్పుడు వచ్చి చేరాలో చెప్పింది. ఫోను పెట్టబోతుంటే ఎలీషబా అడిగింది:

"మేడం, ఆ ఫోల్డర్లో ఇట్లాంటి ఫైళ్ళు ఇంకా ఎన్నున్నాయి?"

"ముప్పై దాకా ఉంటాయి."

"వాళ్ళ అడ్రసులు కావాలి."

"కొన్ని పదేళ్ళ నాటివి. అన్నీ దొరకవు."

"దొరికినకాడికి ఇయ్యండి మేడం."

సరేనంది వాణి. ఫోను చేతిలో పట్టుకుని ఎలీషబా తాను తవ్విన మట్టి పక్కనే నిలబడింది. ముప్పై గొంతులు. ఏదో ఒక ఊళ్ళో, ఏదో ఒక హాల్లో, అందరూ వినపడుతోందా అని అడిగినవాళ్ళే. వాళ్ళలో ఈ రోజుకు ఎంతమంది మాట్లాడుతున్నారో ఆమెకు తెలియదు.

"బస్సుకింకా గంటుంది, అన్నం తిని పోదువు రా పాపా," అని లోపల్నుంచి సుధారాణి పిలిచింది. ఎలీషబా చేతులకంటిన ఉప్పూ బొగ్గూ కడుక్కుని లోపలికి నడిచింది.