పైసగం చదివిన పేపరు

పెళ్ళయి నలభై రోజులు. పొద్దున్నే ఒకే కుర్చీలో ఇరుక్కుని ఇద్దరం ఒకే పేపరు చదువుతాం. పైసగం నాది, కిందిసగం ఆయనది. ఆయన భుజం మీద గడ్డం ఆనించి పెద్దక్షరాలన్నీ గబగబా చదివేస్తుంటే ప్రపంచమంతా నా అరచేతిలోకి వచ్చినట్టుంటుంది.

ఆ రోజు ఆయన ఆఫీసుకి వెళ్ళగానే ఒక పార్టీ మనిషి తలుపు తట్టాడు. మా భవనం కింద కొట్టు పెట్టుకున్న దర్జీని ఖాళీ చేయించమని యజమానికి అర్జీ తెచ్చాడు. దర్జీ పరాయి దేశంవాడు. పదహారు ఇళ్ళలో తొమ్మిది సంతకాలు పడితే సాయంత్రానికల్లా కొట్టుకి తాళం వేస్తానని యజమాని మాటిచ్చాడట.

ముందు అత్తయ్యగారికి చెప్పాడు. "వీడి దేశంవాళ్ళు జలసంధి మూసేశారమ్మా. మన గ్యాసు ఓడలన్నీ అక్కడే ఆగిపోయాయి."

"ఎవరో ఎక్కడో ఏదో మూస్తే దర్జీ ఏం చేస్తాడు నాయనా? నీ చొక్కా బొత్తాం ఊడింది. కిందికెళ్ళి కుట్టించుకో, మంచివాడు."

వాడు ఆవిణ్ణి వదిలేసి నావైపు తిరిగాడు. "మీరు చదువుకున్నవారు. జలసంధి సంగతి మీకు నేను చెప్పాలా?"

"మూసి పన్నెండు రోజులైంది," అన్నాను. అడక్కుండానే రెండు దేశాల పేర్లూ, ఆగిన ఓడలెన్నో కూడా అప్పజెప్పాను. వాడు తలూపుతూనే ఉన్నాడు. నా మాటలకి నేనే మురిసిపోయి సంతకం పెట్టేశాను. ఎనిమిదోది.

మామయ్యగారు ఇరవై ఆరేళ్ళు ఓడల ఇంజన్ల దగ్గర పనిచేసి వచ్చినవారు. స్నానం చేసి రాగానే గొప్పగా చెప్పాను. తువ్వాలు కుర్చీ మీదికి విసిరికొట్టారు.

"ఆ జలసంధిలో ఎన్నిసార్లు తిరిగానో! అటొక దేశం, ఇటొక దేశం. మూసింది అటువాళ్ళు. దర్జీది ఇటువైపు. అటువాళ్ళ బాంబులు పడుతున్నది దర్జీవాళ్ళ ఊళ్ళ మీద. వీళ్ళే మూశారని ఏ పేపర్లో చదివావు?"

"రెండు పేర్లూ ఉన్నాయి మామయ్యగారూ..."

"ఉంటే? మీ అత్తకి ఆ గోలే తెలీదు, వాడి పప్పులుడకలేదు. నా దగ్గరికొస్తే వాడికే పాఠం చెప్పేవాణ్ణి. సగం తెలిసినదానివి నువ్వు దొరికావు."

"కొత్త పిల్లని అంతంత మాటలెందుకండీ?" అన్నారు అత్తయ్యగారు.

"దర్జీకి ముగ్గురు పిల్లలు. ఆ కొత్త పిల్లే వాళ్ళని వీధిలో పెడుతోంది."

పరుగెత్తి ఆ పార్టీ మనిషిని పై అంతస్తు మెట్ల మీద పట్టుకున్నాను.

"నా సంతకం కొట్టేయండి."

"పెట్టాక కుదరదమ్మా. ఇంట్లో చీవాట్లు పడ్డాయా?"

"పడ్డాయి. మీరు చెప్పింది అబద్ధం."

"మీకు నేనేం చెప్పాను? ఓడల లెక్కతో సహా అంతా మీరే చెప్పారుగా!"

కాగితం లాక్కోబోయాను. నవ్వుతూ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇంకొక్కటి చాలు. పైన పంతులమ్మగారున్నారు. ఆవిడా మీలాగే, అన్నీ తెలిసినావిడ."

వాణ్ణి తోసుకుని, రెండేసి మెట్లు ఎక్కి, పంతులమ్మగారి తలుపు బాదాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుంటూ తీశారు.

"జలసంధి మూసిందెవరో తెలుసాండీ?"

"తెలియకేం? ఆ కింది దర్జీ దేశంవాళ్ళేగా!"

"కాదండీ. నేనూ అలాగే అనుకుని ఇప్పుడే సంతకం పెట్టాను."

ఆవిడ ముఖం గంటుపెట్టుకున్నారు. "నిన్నకాక మొన్న వచ్చావు. నాకే చెప్పొచ్చావా? తప్పుకో, అతన్ని రానీ."

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి కదల్లేదు. మెట్లవైపు తిరిగి గొంతు చించుకుని అరిచాను.

"మామయ్యగారూ! పైకి రండి!"