నడుమ దీపం

మోకాళ్లు అరిగిపోయినాక పుల్లయ్య చెక్కభజన మానేశాడు. ఈసారి ఒంటిమిట్ట కల్యాణానికి ఊరి పిల్లలే జట్టు కట్టారని విని, సాయంత్రం కర్ర పట్టుకుని రామాలయం ముందుకొచ్చాడు. కళ్లు మూసేలోగా తన ఆట ఇంకొకరి కాళ్లలో చూసుకోవాలని ఆయన ఆశ.

నడుమ దీపం పెట్టారు. పిల్లల చేతుల్లో చెక్కలు ఘల్లుమన్నాయి. అడుగు ఆయనదే, గంతు ఆయనదే. కానీ జట్టంతా దీపానికి ఎడమచేయి పెట్టి తిరుగుతోంది.

"ఆపండ్రప్పా! దేవుని దీపం కుడిచేతికి ఉండాల. ఇట్ల తిరిగేది చావులోరా!"

జట్టుకు పెద్ద నవీన్. వాడు ఫోన్ తీసి ముందర పెట్టాడు. "నువ్వే తిరుగుతాండావు గదా తాతా, సూడు. నీ వీడియో సూసే నేర్చుకున్న్యాం."

నిజమే. ఫోన్లో పుల్లయ్య ఎడమకే తిరుగుతున్నాడు. ఒక్క క్షణం ఆయనకు తన మీద తనకే అనుమానం వచ్చింది.

ఆ వీడియో పోయినేడు, తాత ఆట మానకముందు, మనవరాలు సుప్రజ తీసి నెట్లో పెట్టింది. తాత తెరలో తనను తాను చూసుకుంటూ ఆడాలని సెల్ఫీ కెమెరాతో తీసింది. అది అద్దం మాదిరి కుడిని ఎడమ చేసిందని ఎవరూ గమనించలేదు.

"సరిజేసి మళ్లీ పెడతాలే తాతా" అంది సుప్రజ.

పెట్టింది. కొన్నాళ్లకు దాని కింద జనం రాసినవి చదివి వినిపించింది. 'ముసలాయన మరిచిపోయినట్టుండాడు.' 'పాతదే కరెక్టు.' రాజంపేట చుట్టుపక్కల జట్లన్నీ పాతదాన్నే పట్టుకున్నాయట.

"కల్యాణంలో అన్ని ఊర్లోళ్లు కలిసి ఆడాల. మనమొక్కరం కుడికి తిరిగితే ఒకరి మింద ఒకరు పడతాం" అన్నాడు నవీన్, ఆ సాయంత్రం గుడి ముందర దీపం చుట్టూ జట్టును నిలబెట్టి. "అయినా నువ్వు జెప్తే మారుస్తాం తాతా." అన్నాడే గానీ, వాడి కాళ్లు అప్పటికే ఎడమకు తిరిగి ఉన్నాయి.

పుల్లయ్యకు శానా అలసటగా అనిపించింది. తన దగ్గర నేర్చుకున్నోళ్లు అడుగు తప్పితే తొడపాశం పెట్టేవాడు. ఫోన్లో పుల్లయ్యకు తొడపాశం ఎట్ల పెట్టేది? వాడికి మోకాళ్ల నొప్పి లేదు. ఎవరడిగినా, ఎప్పుడడిగినా ఆడతాడు.

చుట్టూ తిరగడానికి ఏమీ లేకుంటే, ఎటు తిరిగినా దోషం లేదు. ఆయన కుంటుకుంటూ నడిమికి పోయి, దీపం ఎత్తి గుడి మెట్టు మీద పెట్టాడు.

"ఎందుకు తీస్తాండావు తాతా? వీడియోలో నడుమనే ఉండాది గదా!"

"గాలికి ఆరిపోతాదిలేరా. మీరు ఆడుకోండి."

పిల్లలు ఖాళీ నేల చుట్టూ ఎడమకు తిరిగారు. పుల్లయ్య మెట్టు మీద కూలబడి పల్లవి ఎత్తుకున్నాడు.