నుసుము దవడలు

1962 వేసవిలో సంజీవరావు సముద్రపు ఒడ్డునున్న జువ్వలదిన్నెలో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. ఆయన నెల్లూరులో జంతుశాస్త్రం లెక్చరర్. ఆ తీరంలో మనుషులను కుట్టే ఒక రకం నుసుము గురించి అంతవరకు ఎవరూ రాయలేదు. దాని శరీరాన్ని భాగం భాగంగా వర్ణించి బొమ్మలు వేయడం ఆయన పెట్టుకున్న పని.

నుసుము దోమలా రక్తం తాగే పురుగు; నువ్వుగింజలో సగం ఉంటుంది. కుట్టగానే ఎవరైనా చరుస్తారు. చరిస్తే రెక్కల మీది మచ్చలు చెరిగిపోతాయి, కాళ్లు ఊడిపోతాయి. ఊరివాళ్లు తెచ్చి ఇచ్చినవన్నీ అట్లాంటివే. తర్వాత పోలేరయ్య దొరికాడు.

పోలేరయ్య వలలు బాగుచేసేవాడు. కుష్ఠు వచ్చింది. ఆసుపత్రి మాత్రలతో జబ్బు ఆగింది గాని, ఎడమచేతికి మోచేయి నుంచి వేళ్లదాకా స్పర్శ పోయింది. ముడి బిగిసిందో లేదో వేళ్లకు తెలియకపోతే వలపని సాగదు. స్పర్శ కొందరికి తిరిగి వస్తుందని, కొందరికి రాదని డాక్టరు చెప్పాడు. భార్య మాలకొండమ్మ రోజూ పొద్దున ఆ చేతిమీద కోడి ఈకతో రాసి, తెలిసిందా అని అడిగేది. అతను లేదనేవాడు.

సాయంత్రం గాలి పడిపోగానే పోలేరయ్య పడవ పక్కన కూచుని, ఎడమచెయ్యి తొడమీద చాపేవాడు. నుసుము వాలి, తల దించి, కడుపు ఎర్రబడేదాకా తాగేది. అతను కదిలేవాడు కాడు. అప్పుడు సంజీవరావు దానిమీద గాజుగొట్టం బోర్లించేవాడు.

"నీ చెయ్యి నుసుములకి అన్నసత్రం అయిపోయింది గదన్నా," అన్నాడు అటుగా పోతున్న చిన్నపోలయ్య.

"నువ్వూ రా. బంతిలో చోటుంది," అన్నాడు పోలేరయ్య.

సంజీవరావు గదిలో నుసుమును సూదులతో విడదీసి గాజుపలకల మీద అమర్చేవాడు. మీసానికి పదిహేను కణుపులు. వాటిలో చివరి ఐదు పొడవు. రెక్క మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. నోటిభాగాలు చివర మిగిలాయి. అవి పలకమీద సరిగ్గా కుదిరిన మధ్యాహ్నం పోలేరయ్యను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచాడు.

"ఇవి దవడలు. రెండూ ఒకదానిమీద ఒకటి కత్తెరలా కదులుతాయి. అంచున పళ్లు చూడు. చర్మం కోసి, ఊరిన రక్తం తాగుతుంది."

పోలేరయ్య చాలాసేపు చూశాడు.

"కుట్టడం కాదా సార్? కోస్తాదా?"

"కోస్తుంది."

"నా చేతినా?"

"నీ చేతినే."

ఆ సాయంత్రం నుసుము వాలింది. తల దించింది. పోలేరయ్య కుడిచెయ్యి లేచి దాన్ని చరిచింది.

పక్కన ఎండుచేపలు గంపకెత్తుతున్న మాలకొండమ్మ లేచి వచ్చింది.

"తెలిసిందా? ఏమయ్యా, తెలిసిందా నీకు?"

"కొట్టినా గదే."

"తెలవకుండా ఎట్టా కొడతావు? సారూ, తెలిసింది ఈయనకి!"

సంజీవరావు ఆ చేతివైపు చూశాడు. నుసుము ఉన్నచోట మరక ఉంది.

"కళ్లు మూసుకో," అన్నాడు.

"మూసుకుంటే చాలదు సార్, ఈయన దొంగచూపు చూస్తాడు," అని మాలకొండమ్మ తువ్వాలు తీసి భర్త కళ్లకు కట్టింది. ఆమె నవ్వుతోంది.

మణికట్టు దగ్గర ఒకటి వాలింది. దానికి కాస్త ఎగువన ఇంకొకటి. రెండూ తలలు దించాయి. కడుపులు ఎర్రబడ్డాయి.

"ఇంకా వాల్లేదా?" అని అడిగాడు పోలేరయ్య.

సంజీవరావు రెండు గొట్టాలు బోర్లించాడు. తర్వాత తువ్వాలు విప్పాడు. పోలేరయ్య గొట్టాల్లోకి చూశాడు.

"మరి అప్పుడెందుకు కొట్టినా?"

"కోస్తుందని తెలుసు. వాలడం చూశావు," అన్నాడు సంజీవరావు. "దవడలు నీకు చూపించకుండా ఉండాల్సింది."

"చూపించినారు గదా."

మాలకొండమ్మ తిరిగి వెళ్లి గంప నింపింది.

మర్నాడు సాయంత్రం పోలేరయ్య మామూలుగానే వచ్చాడు. చూస్తే మళ్లీ కొడతానేమోనని చెప్పి, తువ్వాలు తనే కట్టుకున్నాడు. మాలకొండమ్మ వచ్చి పక్కన ఇసుకలో కూచుంది.

"వాలింది," అంది కాసేపటికి.

అతను తల ఊపాడు.

"కోస్తా ఉంది."

"ఊఁ."

"నిండింది. తీసుకోండి సారూ."

ఆమె కాళ్లమీదా నుసుములు వాలాయి. వాటిని ఆమె చరుచుకుంది.