ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు

రెండువేల పదమూడు నవంబరులో ఒక ఆదివారం పొద్దున అండాలమ్మ మా గుమ్మం దగ్గర నిలబడి పిలిచింది.

"టీచరమ్మా, జర బడి దాంక రా. ఓట్ల లిస్టు అతికించిండ్రంట. నా బిడ్డ స్వప్నకు పద్దెనిమిదేండ్లు నిండినయి. పేరొచ్చిందో లేదో చూడాలె. గా చిన్నక్షరాలు నాకు అవుపడయ్."

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతాను. మాది భీమవరం దగ్గర పల్లె. పదిహేనేళ్ళుగా ఎల్బీనగర్‌లో, మెయిన్ రోడ్డుకు లోపలగా ఈ కాలనీలో అద్దెకుంటున్నాం. అండాలమ్మ వాళ్ళు నల్గొండ జిల్లా నుంచి వచ్చి మా వెనక వీధిలో రెండు గదుల్లో ఉంటున్నారు. ఆవిడ ఒక హాస్టల్లో వంట చేస్తుంది. భర్త మట్టయ్య ఆటో నడుపుతాడు. సకల జనుల సమ్మెలో విజయవాడ రోడ్డు మీద వంటావార్పు పెట్టినప్పుడు గంటె తిప్పింది అండాలమ్మే. ఆ రోజంతా మేం తలుపులేసుకుని ఇంట్లోనే ఉన్నాం. మర్నాడు తనే వచ్చి, "ఎందుకట్ల భయపడ్డవు? మా కొట్లాట నీతోటి కాదు" అంది.

బడి గోడ మీద లిస్టంతా వెతికాను. స్వప్న పేరు లేదు. అండాలమ్మ పేరూ, మట్టయ్య పేరూ లేవు. అనుమానం వచ్చి మా వీధి చూశాను. నాదీ లేదు, మా ఆయన బాపిరాజుదీ లేదు. పక్కనే ఇంకో కాగితం ఉంది. తీసేసిన పేర్లు. మా రెండు వీధులూ కలిపి నూట ముప్పై నాలుగు. అందరికీ ఒకటే కారణం రాశారు: ఇల్లు ఖాళీ చేశారు.

"నేనా? ఖాళీ చేసిన్నా?" అండాలమ్మ గొంతు పెరిగింది. "పన్నెండేండ్ల సంది గా ఇంట్లనే ఉన్న గద!"

విచారిస్తే తెలిసింది. లెక్క రాసుకునే మనిషి ఒక మంగళవారం మధ్యాహ్నం వచ్చాడట. అందరం పనుల్లో ఉన్నాం. తాళాలు చూసుకుని వెళ్ళిపోయాడు. అందరి చేతా మళ్ళీ ఫారాలు పెట్టిద్దామంది అండాలమ్మ.

"రేపు రాష్ట్రం విడిపోతే ఇక్కడ ఉంటామో ఉండమో తెలీదు, ఓటు కోసం రోడ్డెక్కుతావా?" అన్నారు మా ఆయన.

"ఉంటాం కాబట్టే వెళ్తున్నాను" అన్నాను. ఆ మాట అనేదాకా ఆ సంగతి నాకూ తెలీదు.

వారం రోజులు సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగాం. అండాలమ్మ పిలిచేది, నేను ఫారాలు నింపేదాన్ని. ఒకరోజు వాళ్ళింట్లో కూర్చుని రాస్తుంటే శ్రీనివాస్ వచ్చాడు. కాలనీలో ఉద్యమం పనులన్నీ అతనే చూసేవాడు.

"మంచి పని చేస్తున్నవక్కా" అని, ఫారాలు తిరగేసి గొంతు తగ్గించాడు. "మనోళ్ళయి ఒక కట్ట కట్టు. ముందు గల్లీల ఆంధ్రోళ్ళయి పక్కకు పెట్టు. వాళ్ళ ఓటు మనకు పడుతదా?"

నేను అక్కడే ఉన్నాను. నావైపు చూడకుండానే అన్నాడు.

"ఓటు ఎవలకు పడుతదో నేను అడుగుతలేను తమ్మీ," అంది అండాలమ్మ. "తాళం చూసి పేరు కొట్టేసిండ్రు. తాళం టీచరమ్మ ఇంటికీ ఉండె, నా ఇంటికీ ఉండె. కట్ట ఒక్కటే ఉంటది. నచ్చకుంటే నువ్వు రాకు."

శ్రీనివాస్ లేచి వెళ్ళిపోయాడు. నేను రాసిన ఫారాన్ని ఆ ఒక్క కట్టలోనే కలిపి తర్వాతిది తీసుకున్నాను.

ఓట్ల లిస్టు చూసే ఆఫీసుకు ఇద్దరం కట్ట పట్టుకుని పోయాం. అక్కడి అధికారి దాన్ని ముట్టుకోలేదు. "ఒక్కరే తెచ్చిస్తే తీసుకోం. ఎవరికి వాళ్ళు రావాలి. కరెంటు బిల్లు తేవాలి."

"కిరాయి ఇండ్లు సారూ. బిల్లు ఓనరు పేరు మీద ఉంటది" అంది అండాలమ్మ.

"మరి మీరక్కడ ఉన్నట్టు నాకెట్లా తెలుస్తుంది?"

"మనుషులను చూస్తే తెలుస్తదా?"

ఆయన నవ్వాడు. "తీసుకురా, చూద్దాం."

గురువారం అందరూ పనులు మానుకున్నారు. ముసలివాళ్ళను మట్టయ్య, అతని స్నేహితులు ఆటోల్లో తెచ్చారు. పదిన్నరకల్లా వరస గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. మా ఆయన కూడా సెలవు పెట్టి వచ్చి, చివర్లో నిలబడ్డారు.

అండాలమ్మ కిటికీ దగ్గరికి పోయి, "సారూ, ఇల్లు ఖాళీ చేసినోళ్ళం వచ్చినం. లెక్కపెట్టుకోండ్రి" అంది.

ఆయన మొహం మారింది. "ఇవాళ మీటింగుంది. రేపు రండి."

"రేపు మా పని ఎవలు చేస్తరు? తీసుకునేదాంక ఈడనే ఉంటం."

మట్టయ్యను పంపి హాస్టల్ నుంచి పెద్ద గిన్నె తెప్పించింది. గేటు పక్కన మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించింది. పప్పూ బియ్యం ఇంటింటి నుంచీ వచ్చాయి. కిచిడీ ఉడుకుతుండగా పోలీసులు వచ్చారు.

"ఎవరమ్మా ఇక్కడ లీడర్? పేరు చెప్పు" అన్నాడు ఒక కానిస్టేబుల్, పుస్తకం తీసి.

అండాలమ్మ గంటె ఆపలేదు. "పేరు లేకనే వచ్చినం సారూ. ఏం రాస్కుంటవు?"

వరసలో నవ్వులు లేచాయి. అతనికి కోపం వచ్చింది. ఆవిడ వైపు రెండడుగులు వేశాడు. నేను వాళ్ళిద్దరి మధ్యకు వెళ్ళి నిలబడ్డాను.

"నా పేరు రాసుకోండి. విజయదుర్గ. పుట్టింది భీమవరం, ఉండేది ఇక్కడ. ఈ ఫారాలన్నీ నా చేత్తోనే రాశాను."

నా యాస విని కొందరు తిరిగి చూశారు. కానిస్టేబుల్ నా పేరు రాసుకుని వెనక్కి జరిగాడు. శ్రీనివాస్ కూడా వచ్చి ఉన్నాడు, వాళ్ళమ్మ పేరు కూడా పోయింది మరి. నాతో మాట్లాడలేదు గానీ, తర్వాత కిచిడీ పెట్టిన విస్తరాకు తెచ్చి నా చేతికిచ్చాడు.

లోపల ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మూడింటికి, పొద్దున మూసేసిన కిటికీ తెరిచారు. ఒక్కొక్కరినీ పిలిచి ఫారం తీసుకున్నారు. రసీదులు తర్వాత ఇస్తామంటే అండాలమ్మ కదల్లేదు. "ఉత్త చేతులతోటి పోము." చీకటి పడేలోపు అందరి చేతుల్లో రసీదులున్నాయి.

చివరి లిస్టులో నూట ఇరవై ఒక్క పేర్లు తిరిగి వచ్చాయి. స్వప్నది కొత్తగా వచ్చింది, అండాలమ్మది వచ్చింది, మా ఇద్దరివీ వచ్చాయి. మట్టయ్యది రాలేదు.

ఏప్రిల్ ముప్పైన ఓట్లు. తన పేరు లేదని తెలిసీ మట్టయ్య తెల్లచొక్కా వేసుకుని మాతోపాటు వరసలో నిలబడ్డాడు. రసీదు చూపించాడు.

"నీ పేరు లేదయ్యా, పక్కకు జరుగు" అన్నారు లోపల.

"లేదని కాయితం మీద రాసియ్యండ్రి."

"అట్లా రాసివ్వం."

"కొట్టేసేటప్పుడు రాసిండ్రు గద. ఇప్పుడెందుకు రాదు చెయ్యి?"

పది నిమిషాలు అట్లాగే నిలబడ్డాడు. వెనక ఎండలో అంత వరస ఉంది. ఒక్కరు కూడా జరగమని కేకెయ్యలేదు. చివరికి పోలీసు వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే, ఆ చెయ్యి తీసేసి తనంతట తనే బయటికి నడిచాడు.

జూన్‌లో రాష్ట్రం వచ్చింది. వీధంతా రంగులు చల్లుకున్న మర్నాడే మట్టయ్య కొత్త ఫారం పట్టుకుని ఆ ఆఫీసుకు పోయాడు. తర్వాత ఆరుసార్లు పోయాడు. మళ్ళీ లిస్టు వేసినప్పుడు పేరు వచ్చింది. తండ్రి పేరు మాత్రం తప్పు పడింది.

"పోనీలే అన్నా, ఓటు వచ్చింది కదా" అన్నాను.

"మా నాయిన పేరు టీచరమ్మా అది" అన్నాడు మట్టయ్య. "సోమవారం మళ్ళ పోతున్న."