విప్పని గేర్‌బాక్సు

ఎడమ పాదంతో గేరు నొక్కి మెకానిక్ కళ్ళు మూసుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళ ఇంజన్ల హోరుకు ఆయన చెవులు ముప్పాతిక పోయాయి. బండి చెప్పేది ఇప్పుడు పాదాలతో, వేళ్ళతోనే వింటాడు.

ఆ పాత మోటార్‌సైకిలు తెచ్చిన నర్సు పక్కనే నిలబడి ఉంది. బస్సులు వెళ్ళని వీధుల్లో, మంచం పట్టినవాళ్ళకు ఇంటింటికీ తిరిగి కట్లు మార్చడం ఆమె పని.

"రెండు నుంచి మూడుకి పడి చావట్లేదు బాబాయ్!" గట్టిగా అరిచి చెప్పింది. "ఆగితే న్యూట్రల్ దొరకదు. పెద్ద షాపువాళ్ళు గేర్‌బాక్సు పోయింది, తుక్కులో వేసెయ్యమన్నారు."

"తుక్కులోనా? నన్నూ అందరూ అదే అంటున్నారు. సాయంత్రం రా తల్లీ."

ఆమె వెళ్ళాక ఇంజను ఆపి, బండిని ముందుకూ వెనక్కూ నెడుతూ గేర్లు మార్చి చూశాడు. నాలుగూ వెన్నలో వేలు దిగినట్టు పడ్డాయి. ఇంజను నడిచేటప్పుడే మొరాయిస్తోందంటే తప్పు గేర్లది కాదు, క్లచ్ పూర్తిగా విడవడం లేదు. క్లచ్ కేబుల్ ఊడదీశాడు. పైతొడుగు నిక్షేపంలా ఉంది. లోపలి తీగలో మాత్రం రెండు పోగులే మిగిలాయి.

"ఇన్నాళ్ళూ వీటి మీదే లాక్కొచ్చావా!" అన్నాడు బండితో, మెచ్చుకోలుగా.

టీ తెచ్చిన భార్య తొంగిచూసింది. "లేని జబ్బు ఉందని ఒక్కసారన్నా చెప్పుంటే మనకీ మేడ ఉండేదయ్యా."

"మేడెక్కే మోకాళ్ళేవీ?"

ఆమె నవ్వు ఆయనకు వినపడలేదు. కదిలే భుజాలు చూసి తనూ నవ్వాడు.

కొత్త కేబుల్ వేసి, క్లచ్ పిడి దగ్గర గోరుమందం వదులు ఉంచి, వీధి చివరిదాకా నడిపి చూశాడు. మూడో గేరు పడ్డ సంగతి పాదానికే తెలిసింది. తిరిగొచ్చి, చేయాల్సిందేదో చేసి, చేతులు కడుక్కుని గోడవార కుర్చీలో కూర్చున్నాడు. ఎడమ పాదం గేరు మారుస్తున్నట్టు ఒకటి రెండుసార్లు కదిలి ఆగిపోయింది.

భార్య భోజనానికి పిలిచింది. వినపడలేదనుకుని వచ్చి భుజం తట్టింది. మళ్ళీ తట్టింది.

సాయంత్రం వచ్చిన నర్సు వాకిట్లో జనాన్ని చూసి నిలబడిపోయింది. లోపలికెళ్ళి, చాలాసేపు మెకానిక్ భార్య చెయ్యి పట్టుకుని కూర్చుంది. చివరికి ఆవిడే లేచి తాళంచెవి చేతిలో పెట్టింది.

"నీ పని పూర్తి చేసే పోయాడమ్మా. పొద్దున్నే నీకోసం ఎదురుచూసేవాళ్ళుంటారు, తీసుకెళ్ళు."

బండి హ్యాండిల్‌కు ఒక అట్టముక్క కట్టి ఉంది. దానిమీద, నూనె వేలిముద్రల మధ్య, వంకర అక్షరాలు: "గేర్‌బాక్సు బంగారం. ఎవరు చెప్పినా విప్పనివ్వకు."