రెండు రబ్బరు ముక్కలు

పానగల్ రోడ్డులో కార్ల డెకరేషన్ దుకాణం నడిపే ప్రేమ్‌సాగర్ షట్టరు ఎత్తేసరికే తెల్ల కారొకటి వచ్చి ఆగింది. రఘుపతి ఆ వారమే కొన్న బండి. భార్య శ్రీదేవితో అమ్రాబాద్‌లోని అత్తగారింటికి బయలుదేరాడు. పెడల్స్ మీద మెరిసే స్టీలు కవర్లు వేయించుకోవాలని ముచ్చటపడ్డాడు.

"స్క్రూలు ఏస్తనే గట్టిగుంటదన్నా. పెడలుకు రెండు తూట్లు పెట్టాలె" అన్నాడు ప్రేమ్‌సాగర్.

"కొత్త బండికి తూట్లా? క్లిప్పులతోని బిగియ్యి. జర జల్ది కానియ్యి, ఎండ ముదురుతాంది."

"గవి లేకపోతే బండి నడువదా?" అని శ్రీదేవి విసుక్కుంది. ప్రేమ్‌సాగర్ కాళ్లు బయటపెట్టి, తల పెడల్స్ కిందికి దూర్చి, పావుగంటలో బిగించేశాడు. బ్రేకు కవరు కాస్త కదిలినట్టు అతనికి అనిపించింది. రఘుపతి అప్పటికే తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పోనిమ్మని ప్రేమ్‌సాగర్ ఊరుకున్నాడు.

వాళ్లు వెళ్లిన అరగంటకు దుకాణం ముందు ఊడుస్తుంటే చీపురుకు రెండు రబ్బరు ముక్కలు తగిలాయి. ప్రేమ్‌సాగర్ వంగి వాటిని చేతిలోకి తీసుకున్నాడు. కవరుకూ పెడలుకూ మధ్య పెట్టాల్సినవవి. అవి లేకపోతే ఇనుము మీద ఇనుము నిలవదు. బ్రేకు గట్టిగా తొక్కితే కవరు పక్కకు జారి యాక్సిలరేటరు మీద పడుతుంది. అప్పుడు ఒక్క కాలి కింద రెండూ నలుగుతాయి.

రఘుపతికి ఫోన్ చేశాడు. మోగింది కానీ ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. నాలుగోసారికి అసలు కలవలేదు. షట్టరు దించి తన పాత కారు తీశాడు.

దేవరకొండ దాటాడు. డిండి దాటాడు. దారి పక్కన ఆగిన ప్రతి తెల్ల కారునూ వంగి చూశాడు. మన్ననూరు దగ్గర అడవి మొదలైంది. ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోయాయి. రోడ్డు మీద కోతులు కూడా లేవు.

ఘాట్ మూడో మలుపులో జనం గుమిగూడి ఉన్నారు. తెల్ల కారు లోయ వైపు పోకుండా కొండ చరియకు గుద్దుకుని నిలిచిపోయింది. శ్రీదేవి నుదుటికి కొంగు అదుముకుని రాయి మీద కూర్చుంది. రఘుపతిని అప్పుడే బయటికి లాగారు. మోకాలు వంకర తిరిగింది.

"కొత్త డ్రైవింగు. బ్రేకని రేసు తొక్కినట్టుండు" అన్నాడు ఫారెస్టు గార్డు. అందరూ తలూపారు. "అవును, నేనే తొక్కిన, నేనే" అని రఘుపతి మూలుగుతున్నాడు.

ప్రేమ్‌సాగర్ తలుపులోంచి లోపలికి వంగాడు. కవరు అడ్డం తిరిగి ఒక్క క్లిప్పుకు వేలాడుతోంది. రెండు వేళ్లతో లాగితే వచ్చేస్తుంది. జేబులో వేసుకుంటే ఎవరికీ తెలియదు. చెయ్యి అక్కడిదాకా పోయింది. ఆ చేతిని వెనక్కి తీసుకోవడానికి అతనికి చాలాసేపు పట్టింది.

ఇద్దరినీ తన కారులోనే అచ్చంపేట దవాఖానకు తీసుకుపోయాడు. దారి పొడవునా రఘుపతి "నా పెండ్లాన్ని నేనే సంపుకునేటోణ్ణి" అంటూనే ఉన్నాడు. ప్రేమ్‌సాగర్ రోడ్డునే చూస్తూ బండి నడిపాడు.

దవాఖాన వరండాలో శ్రీదేవికి అంతా చెప్పాడు. ఆమె చెంపదెబ్బ కొడుతుందనుకున్నాడు. ఆమె ఎటో చూస్తూ, "గీ మాట నాకు కాదు, ఆయనకు చెప్పు" అంది.

కాలికి కట్టు కట్టించుకుని పడుకున్న రఘుపతి పక్కన ప్రేమ్‌సాగర్ స్టూలు మీద కూర్చుని మొదటినుంచీ చెప్పాడు. అంతా విని రఘుపతి గోడ వైపు తిరిగాడు. మళ్లీ ఇటు తిరిగి, "అంటే నేను బ్రేకే తొక్కిన్నా?" అన్నాడు.

"బ్రేకే తొక్కినవన్నా."

రఘుపతి దుప్పటి మొహమ్మీదికి లాక్కుని ఏడ్చాడు. దవాఖానవాళ్లు పిలిపించిన పోలీసులు వచ్చేదాకా ప్రేమ్‌సాగర్ అక్కణ్నుంచి లేవలేదు.