గీజరు బాగానే ఉంది

“నాకైతే వేడిగానే వస్తున్నాయే,” అన్నారు మా ఆయన తల తుడుచుకుంటూ. గీజరు పాడైందని నేను చెప్పడం అది ఎన్నోసారో నాకే గుర్తులేదు.

మా ఇంట్లో స్నానాలకు ఒక వరస ఉంది. ముందు ఆయన, తర్వాత అమ్మాయి, ఆ తర్వాత అత్తగారు. అందరి టిఫిన్లూ డబ్బాలూ అయ్యాక, గిన్నెలు కడిగేశాక, ఇంకో పావుగంటలో బస్సు ఉందనగా నేను. ఆ వరస ఎవరూ పెట్టలేదు, దానంతటదే ఏర్పడింది. చన్నీళ్లు ఒంటిమీద పడేముందు ఊపిరి బిగపట్టడం నాకు అలవాటైపోయింది. రక్తపరీక్షల ల్యాబులో నా పని. నరం కోసం వేలు ఆనించగానే జనం ఉలిక్కిపడతారు. ఒక పెద్దావిడ అయితే, ఇంత చల్లగా ఉన్నావేంటి తల్లీ అంటూ నా చేతిని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కాసేపు రుద్దింది. ఇంట్లో నన్నెవరైనా అలా పట్టుకుని ఎన్నేళ్లయిందా అని ఆలోచిస్తూ, ఆ రోజు రెండు సీసాల మీద చీటీలు తారుమారు చేయబోయాను.

అత్తగారితో చెబితే, మోకాళ్ల నొప్పులున్న తనకే నీళ్లు సరిగా కాగడం లేదనీ, అయినా తను ఎవరినీ ఒక్క మాట అనలేదనీ అన్నారు. నువ్వూ పెందరాళే చేసేయొచ్చుగా అంది అమ్మాయి, డబ్బా కోసం చెయ్యి చాస్తూ.

చివరికి ఒక సెలవు రోజున నేనే మెకానిక్‌ని పిలిచాను. నెరిసిన మీసాల మనిషి. మూత విప్పి లోపల రాయిలా పేరుకుపోయిన సున్నం చూపించాడు.

“ఇందులో ఇప్పుడు ఒక్కళ్లకి సరిపడా నీళ్లే కాగుతాయమ్మా, మళ్లీ కాగాలంటే గంటలు పడుతుంది. మొదట వెళ్లినవాళ్లకి తేడా తెలీదు. మీ ఇంట్లో ఆఖర్న చేసేదెవరు?”

ఇన్నేళ్లలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. నేనేనని చెప్పి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. అతను స్క్రూలు ఏరుకుంటున్నట్టు తల వంచుకున్నాడు.

రిపేరు చేస్తే ఇంకో ఏడాది లాగిస్తుందనీ, మార్చేట్టయితే పెద్దది పెట్టుకోమనీ చెప్పాడు. మా ఆయనకు ఫోన్ చేశాను.

“బాగున్నదాన్ని కదపడమెందుకు? నువ్వు ప్రతిదానికీ ఇంతే. బిగించేసి పొమ్మను.”

బిగించేయమన్నాను. రిపేరూ లేదు, కొత్తదీ లేదు.

మర్నాడు లేస్తూనే పొయ్యి వెలిగించకుండా నేరుగా బాత్రూంలోకి వెళ్లాను. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయంటే మొదటి చెంబుకి కాళ్లు వెనక్కి లాక్కున్నాను. తర్వాత వేడి అయిపోయేదాకా కదల్లేదు.

నా వెనకే వెళ్లిన ఆయన సబ్బు నురగతోనే తలుపు తీశారు.

“ఈ నీళ్లతో మనిషన్నవాడు స్నానం చేస్తాడా?”

నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. సాయంత్రం ల్యాబు నుంచి వచ్చేసరికి కొత్త గీజరు గోడ మీద ఉంది.

సంతోషించాలనుకున్నాను. కానీ ఇన్నాళ్లూ నేను సరిగా చెప్పలేకపోయాననీ, ఆయనకు అర్థం కాలేదనీ సర్దిచెప్పుకున్నాను కదా. అర్థం కాకపోవడం కాదు. చలి తన ఒంటిదాకా రాలేదు, అంతే. అది తెలిశాక ఆ ఇంట్లో నేను ఇంకాస్త ఒంటరినయ్యాను.

“ఇక అందరికీ సరిపోతాయి. రేపట్నుంచి నువ్వు ముందు దూరక్కర్లేదు,” అన్నారు ఆయన, పెద్ద ఉపకారం చేసినవాడిలా.

ఇలాంటప్పుడు అలాగేనండీ అనడం నాకు అలవాటు. అనలేదు.

మర్నాడు కూడా ముందు నేనే వెళ్లి లోపల గడియ పెట్టుకున్నాను.